వంకర పాపిడి

ఓజెల్లా స్టెప్టో పొద్దున్నే కాఫీ కప్పు అందుకుంటుంది గానీ వెంటనే తాగదు. రెండు అరచేతులూ కప్పు చుట్టూ చుట్టి, వంటింటి కిటికీ దగ్గర నిలబడి, చేతులు బాగా వెచ్చబడేదాకా అలాగే ఉంటుంది. తర్వాత మెటికలు విరుచుకుంటుంది. అప్పటికి కాఫీ చల్లారిపోతుంది. ఆ చల్లారిన కాఫీనే గబగబా తాగేసి సంచీ భుజాన వేసుకుంటుంది.

"నువ్వు ముట్టుకునేవాళ్ళకి చలేమిటే, ఓజీ?" అని ఆమె భర్త క్లీవన్ ఎన్నోసార్లు ఏడిపించాడు.

"వాళ్ళకి లేకపోవచ్చు. నాకుంటుంది" అంటుంది ఆమె.

ఓజెల్లా పని చనిపోయినవాళ్ళకు తల దువ్వి ముఖం దిద్దడం. ఆమె ఊరు పైన్ బ్లఫ్‌లో నల్లవాళ్ళ ఇళ్ళలో శవపెట్టె మూత తెరవకుండా ఎవరినీ సాగనంపరు. పాతిపెట్టే ముందురోజు సాయంత్రం ఊరంతా వరసలో వచ్చి పెట్టె దగ్గర ఒక్క నిమిషం ఆగుతుంది. చూసినవాళ్ళు పక్కకు వచ్చి, "అచ్చం తనలాగే ఉంది" అంటే ఇంటివాళ్ళ గుండె కాస్త కుదుటపడుతుంది. ఏమీ అనకుండా చేతిరుమాలు మడతపెట్టుకుంటూ వెళ్ళిపోతే ఆ మౌనాన్ని ఏళ్ళ తరబడి మరిచిపోరు. ఎవరు దువ్వారో కూడా మరిచిపోరు.

మొదట్లో ఆమె అందరిలాగే ఒక బ్యూటీ షాపులో బతికున్నవాళ్ళ తలలే దువ్వేది. ఆమె దగ్గరికి వారం వారం వచ్చే ఒక పెద్దావిడ పోతే, చివరిసారి కూడా ఓజెల్లానే దువ్వాలని పిల్లలు పట్టుబట్టారు. అది ఆ ఊళ్ళో ఉన్న రివాజే. చాలామంది ఒకసారి వెళ్ళి వణుకుతూ తిరిగొస్తారు. ఓజెల్లా చేతులు వణకలేదు. రింగుల జుట్టును సాపు చేసే ఇనప దువ్వెనను పొయ్యి మీద కాల్చి, తెల్ల కాగితం మీద ఆనించి, కాగితం రంగు మారలేదని చూసుకున్నాకే జుట్టుకు తగిలించింది. బతికున్నవాళ్ళ చర్మం కాలితే మానుతుంది, వీళ్ళది మానదు. ఆ సంగతి ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. శవాలను సిద్ధం చేసి సాగనంపే ఫ్యూనరల్ హోమ్ యజమాని, ముసలి మిస్టర్ డాసెట్, తలుపు దగ్గర నిలబడి ఇదంతా చూశాడు.

"షాపులో ఆడవాళ్ళ కబుర్లు వినే ఓపిక నీకు లేదని నీ మొహమే చెబుతోంది. నా దగ్గరికి వచ్చెయ్. ఇక్కడ నిన్నెవరూ విసిగించరు" అన్నాడు.

ఆమె నవ్వి వెళ్ళి చేరింది. ఇరవై ఏళ్ళకు పైగా అక్కడే ఉండిపోయింది. డాసెట్ ఆ గదిలోకి తలుపు తట్టకుండా ఏనాడూ రాలేదు. లోపల ఉన్నది ఓజెల్లా, ఒక శవం మాత్రమే అయినా సరే. ఆయన పోయాక, ఆయన తలను కూడా ఆమే దువ్వింది. కొడుకులు వేరే ఊళ్ళలో స్థిరపడినవాళ్ళు. వ్యాపారాన్ని బయటి కంపెనీకి అమ్మేశారు. బోర్డు మీద డాసెట్ పేరు అలాగే ఉంది. లోపల మాత్రం తలుపు తట్టేవాళ్ళు లేరు.

కొత్త మేనేజరు డెరిక్ పూల్ చెడ్డవాడేం కాదు. ఆ ఊరి కుర్రవాడే. వాళ్ళ నాయనమ్మ తల దువ్వింది ఓజెల్లానే. పెళ్ళయినా సరే, ఊరి మర్యాద కొద్దీ ఆమెను మిస్ ఓజెల్లా అనే పిలుస్తాడు. కానీ కంపెనీకి ఒక లెక్క ఉంది. ఒక తలకు ఇంత సేపు అని ఉంది. అది దాటితే పైనుంచి ఫోను వస్తుంది, ఆ ఫోను ఎత్తేది డెరిక్.

ఒక శుక్రవారం ఓజెల్లా ముందు ఒక రిటైరైన టీచరమ్మ ఉంది. నెలల తరబడి ఆసుపత్రి మంచం మీద పడుకున్న మనిషి. తల వెనకవైపు జుట్టంతా ఉండకట్టి, తొక్కి తొక్కి పాతబడ్డ గోనెపట్టాలా అయిపోయింది. ఓజెల్లా ముందువైపు ముగించి, తల కొంచెం ఎత్తి చేతిలో ఆనించుకుని, నూనె రాస్తూ ఆ ఉండను వేళ్ళతోనే విడదీస్తోంది. డెరిక్ లోపలికి వచ్చాడు.

"మిస్ ఓజెల్లా, ముందువైపు అయిపోయినట్టుందిగా."

"అయింది."

"మరి ఇంకా..."

"వెనక చిక్కు తీస్తున్నాను."

"వెనకవైపు ఎవరు చూస్తారండీ? దిండు మీదేగా ఉండేది."

"అవును. ఆవిడ పడుకునేది దానిమీదే" అంది ఓజెల్లా.

డెరిక్ చేతి గడియారం చూసుకున్నాడు. సోమవారం నుంచి ముందువైపూ పక్కలూ చేస్తే చాలని, అది తన మాట కాదని, పైనుంచి వచ్చిందని మర్యాదగానే చెప్పి వెళ్ళాడు. ఓజెల్లా చిక్కంతా తీసింది. సన్నగా దువ్వి, టీచరమ్మను మళ్ళీ దిండు మీద ఆనించింది. కంపెనీ దువ్వెనలు కడిగి వాటి చోట పెట్టేసింది. తనవి తన సంచీలో వేసుకుంది. తాళంచెవులు డెరిక్ బల్ల మీద పెట్టింది.

"ఈ వయసులో ఎక్కడికి వెళ్తారు?" అన్నాడు డెరిక్. అందులో వెటకారం లేదు. నిజంగానే కంగారుపడ్డాడు.

ఆమె సంచీ భుజాన వేసుకుని బయటికి నడిచింది. ఇంటికి వెళ్ళి చెబితే, క్లీవన్ మొక్కజొన్న రొట్టె ఆకుకూరలో ముంచుకుంటూ విన్నాడు. అతను కాగితం మిల్లులో పనిచేసి రిటైరయ్యాడు. అతని గుండె మాత్రలకు డబ్బిచ్చే బీమా ఓజెల్లా ఉద్యోగం మీదే వచ్చేది. అదంతా ఇద్దరికీ తెలుసు. చివరికి పళ్ళెం పక్కకు జరిపి, "పోనీలే, దువ్వెనలైనా తెచ్చుకున్నావు" అన్నాడు. ఆ మాటతో ఇద్దరూ నవ్వారు గానీ, రొట్టె సగం మిగిలిపోయింది.

ఆ ఏడు వాళ్ళ హికరీ వీధి చర్చిలో ఉద్యోగం మానేసిన ఆడవాళ్ళు ఓజెల్లా ఒక్కతే కాదు. బ్యాంకులో కౌంటరు దగ్గర కూర్చునే రోజలిండ్ సొంతంగా పన్ను కాగితాలు రాసిపెట్టే గది తెరిచింది. వృద్ధాశ్రమంలో రాత్రి డ్యూటీలు చేసిన జ్యూవెల్ తన ఇంట్లోనే నలుగురు ముసలివాళ్ళను చూసుకోవడం మొదలుపెట్టింది. ఆసుపత్రి వంటింట్లోంచి బయటికి వచ్చిన అక్కాచెల్లెళ్ళు ఒక బండిలో చేపలు వేయించి అమ్ముతున్నారు. ఎవరి కారణం వాళ్ళది. కొత్తగా వచ్చిన పిల్లను తమ మీద పెద్దగా పెట్టారని ఒకరు, పైవాడు చెప్పే మాట తీరు పడలేదని ఇంకొకరు. ఒక ఆదివారం పాస్టరు వాళ్ళందరినీ ముందుకు పిలిచి, వరసలో నిలబెట్టి ప్రార్థన చేశాడు. తర్వాత అందరూ తమ కొత్త పని పేరు, ఫోను నంబరు అచ్చేసిన కార్డులు పంచుకున్నారు. చేపల బండి కార్డులు చిటికెలో అయిపోయాయి.

ఓజెల్లా కార్డు మాత్రం ఎవరికీ అక్కర్లేకపోయింది. ఇచ్చినప్పుడు మొహమాటానికి వేళ్ళ కొసలతో పట్టుకుని, ఆమె అటు తిరగ్గానే బల్ల మీద వదిలేసేవాళ్ళు. సిస్టర్ వెల్మా టర్న్‌బో అయితే దాపరికం లేకుండానే చెప్పింది. ఆమె చర్చిలో సగం పనులకు పెద్ద. టోపీ లేకుండా ఎవరూ చూడని మనిషి.

"నీ కార్డు నా పర్సులో ఉందంటే, పర్సు తెరవడానికే చేతులు రావు సిస్టర్. నాకింకా తొందరేం లేదులే."

చుట్టూ ఉన్నవాళ్ళు పకపకా నవ్వారు. ఓజెల్లా కూడా నవ్వింది. ఆమె సిగ్గరి. నలుగురిలో నవ్వడం ఒక్కటే ఆమెకు తెలిసిన దారి.

రైలు పట్టాలకు అవతల మిస్టర్ బైనమ్‌ది చిన్న ఫ్యూనరల్ హోమ్. ఒక్కటే శవాల బండి, అదీ పాతది. తలలు దువ్వే అతని భార్యకు కీళ్ళు పట్టేశాయి. వెనక గది వాడుకొమ్మన్నాడు, పని వచ్చినప్పుడు పిలుస్తానన్నాడు. ఓజెల్లా ఆ గదికి సున్నం వేయించింది, కిటికీకి తెల్ల పరదా కుట్టింది. అప్పుడొకరు, అప్పుడొకరు వచ్చారు. అందరూ పెద్దగా చుట్టాలు లేనివాళ్ళు, పెట్టె చుట్టూ పదిమంది కూడా చేరనివాళ్ళు. వాళ్ళకు కూడా వెనకవైపు దువ్వింది. కానీ అది చూసి ఇంకొకరికి చెప్పేవాళ్ళెవరూ లేరు. వేసవి సగం గడిచేసరికి క్లీవన్ ఒక గోడౌనులో కాపలా పనికి వెళ్ళడం మొదలుపెట్టాడు. మధ్యమధ్య డెరిక్ ఫోను చేసి, మీ చోటు ఇంకా ఖాళీగానే ఉంది మిస్ ఓజెల్లా అని చెప్పి పెట్టేసేవాడు.

అలాంటప్పుడు మదర్ ఐడబెల్ క్రెన్‌షా పోయింది.

చర్చిలో మదర్ అని గౌరవంగా పిలిచే పెద్ద తల్లుల వరసకు ఆమే పెద్ద. మొదటి ఆదివారాల్లో తెల్ల సూటు, తెల్ల చేతితొడుగులు వేసుకుని, వెండి ఉంగరాల జుట్టుతో ముందు బెంచీ మీద నిటారుగా కూర్చునేది. ఆమె దగ్గితే పాస్టరు ప్రసంగం ముగించేవాడని చెప్పుకునేవారు. ఆమె భర్తను కూడా బైనమ్ వాళ్ళే సాగనంపారు కాబట్టి, ఆమె కూడా అక్కడికే వచ్చింది. ఆమెను చూడ్డానికి రాని నల్ల కుటుంబం ఊళ్ళో ఉండదు. ఆ తల కుదిరితే ఓజెల్లాకు ఇక పని వెతుక్కోనక్కర్లేదు. కుదరకపోతే డాసెట్ గారి తలుపే మళ్ళీ తట్టాలి. ఈ సంగతి బైనమ్‌కు తెలుసు, క్లీవన్‌కు తెలుసు. ఓజెల్లాకు అందరికన్నా బాగా తెలుసు.

బుధవారం సిస్టర్ టర్న్‌బో తెల్ల సూటు తెచ్చింది. ఇంకో చేతిలో గుండ్రటి పెట్టె. అందులో వెండి విగ్గు. అది విగ్గని ఊళ్ళో ప్రతి ఆడదానికీ తెలుసు, ఎవరూ ఏనాడూ పైకి అనలేదు.

"ఆవిడ ఎలా ఉండేదో నీకు నేను చెప్పాలా? అలాగే ఉండాలి" అంది సిస్టర్ టర్న్‌బో.

ఓజెల్లా మదర్ క్రెన్‌షా సొంత జుట్టును మొదటిసారి చూసింది. తెల్లగా, మెత్తగా, పసిపిల్ల తలమీది నూగులా ఉంది. దాన్ని కడిగి, నూనె రాసి, సన్నటి వలటోపీ కింద అణిచి, పైన విగ్గు పెట్టింది. నుదుటి దగ్గర ఒక్కొక్క ఉంగరం చుట్టింది. గురువారం సాయంత్రానికి పని పూర్తయింది. బైనమ్ వచ్చి చూసి తల నుంచి టోపీ తీశాడు.

"లేచి, నా చొక్కా ఇస్త్రీ లేదని తిడుతుందేమో అనిపిస్తోంది" అన్నాడు.

ఆ సాయంత్రం ఇంటికి వెళ్తూ దారిలో ఓజెల్లా పాడుకుంది.

శుక్రవారం పొద్దున కూతురు డెట్రాయిట్ నుంచి వచ్చింది. పేరు డోరిస్టీన్. అక్కడ సిటీ బస్సు నడిపేది. అరవై దగ్గర పడుతున్న మనిషి, బలమైన భుజాలు, పొట్టిగా కత్తిరించిన నెరిసిన జుట్టు. కాల్చిన దువ్వెన ఆ జుట్టుకు ఎన్నడూ తగలలేదని చూడగానే తెలుస్తుంది. ఆమె ఈ ఊరు వచ్చి ఏళ్ళయింది. ఫోన్లో తప్ప తల్లితో మాట లేదు. పెట్టె పక్కన నిలబడి చాలాసేపు చూసింది.

"ఈవిడ మదర్ క్రెన్‌షా" అంది చివరికి.

ఓజెల్లా దాన్ని మెచ్చుకోలు అనుకుంది. "అవునమ్మా" అంది.

"మా అమ్మ ఏదీ?"

ఓజెల్లాకు ముందు కోపం వచ్చింది. ఇన్నేళ్ళకు వచ్చి పొద్దున్నే అడిగే మాటా ఇది అనుకుంది. ఆ కోపాన్ని మింగి, ఏం చెయ్యమంటావని అడిగింది. డోరిస్టీన్ విగ్గు తీసెయ్యమంది.

"కూతురివి నువ్వు. తీసెయ్యమంటే తీసేస్తాను. కానీ బేబీ, ఆవిడ ఇది లేకుండా గడప దాటిన మనిషి కాదు."

"నాకు చెబుతున్నావా? ఈ తలతో నేను చర్చికి వస్తే, అందరూ చూస్తుండగా ముందు బెంచీలోంచి లేపి వెనక కూర్చోబెట్టింది. దువ్వెన కాల్చి సాపు చేసుకుని వస్తే ముందుకు రమ్మంది. నేను బయటికి నడిచాను. అలాగే డెట్రాయిట్ దాకా నడిచాను."

ఆమె గొంతు పెంచలేదు. చెక్క కుర్చీ లాక్కుని కూర్చుంది. తర్వాత చెప్పింది, తను చిన్నప్పుడు శనివారం సాయంత్రాలు వెనక మెట్ల మీద తల్లి మోకాళ్ళ మధ్య కూర్చుంటే, తలకు నూనె పెట్టి, మాడుకు అంటుకుని ఉండే సన్నటి జడలు అల్లేదని. అది అయ్యాక తల్లి కింది మెట్టు మీదికి జారి, తన తలకు కట్టుకున్న గుడ్డ విప్పి, ఇప్పుడు నా తల చూడవే అనేదని. ఆ తల ఇంకెవరికీ కనబడనిచ్చేది కాదని.

"నాన్న కూడా చూసి ఉండడు. నాకొక్కదానికే తెలుసు ఆ తల. నేను అల్లుతాను" అంది.

డాసెట్ గారి దగ్గర ఇంటివాళ్ళను ఆ గదిలోకి రానిచ్చేవారు కాదు. ముసలాయన రానివ్వలేదు, కంపెనీ రానివ్వలేదు, ఓజెల్లా మనసు కూడా ఒప్పదు. పని ముగిశాకే ఇంటివాళ్ళు చూడాలి, మధ్యలో చూస్తే జీవితాంతం అదే గుర్తుండిపోతుందని ఆమె నమ్మకం. పైగా సాయంత్రానికి ఊరంతా వస్తుంది. గోడ గడియారం వైపు చూసింది. తర్వాత డోరిస్టీన్ చేతుల వైపు చూసింది. స్టీరింగు పట్టి పట్టి కాయలు కాసిన చేతులు ఒళ్ళో ఒకదాన్నొకటి పట్టుకుని ఉన్నాయి.

"చల్లగా ఉంటుంది. తల నువ్వనుకున్నదానికన్నా బరువుగా ఉంటుంది. మధ్యలో ఆపాలనిపిస్తే ఆపెయ్యి. మిగతాది నేను చేస్తాను" అంది ఓజెల్లా.

విగ్గు తీసి దాని పెట్టెలో పెట్టి, వలటోపీ కూడా తీసింది. మదర్ క్రెన్‌షా తలను రెండు అరచేతుల్లో ఎత్తి పట్టుకుంది. డోరిస్టీన్ వేళ్ళకు నూనె రాసుకుని, మొదట కాసేపు ఏమీ చేయకుండా జుట్టు మీద చెయ్యి ఉంచింది. ఆ తర్వాత దువ్వెన కొనతో నుదుటి నుంచి పాపిడి తీసింది. నడినెత్తి దాకా తిన్నగా వెళ్ళిన పాపిడి అక్కడ ఎడమకు జారింది. ఎక్కడి నుంచి చూసినా తెలిసేంత జారింది.

ఓజెల్లా చెయ్యి తనంతట తానే దువ్వెన కోసం లేచింది. ఒక్క గీత. ఒక్కసారి సరిచేస్తే చాలు, ఊళ్ళో ఎవరూ వేలెత్తి చూపరు.

"వంకర పోయిందా?" అంది డోరిస్టీన్.

"కొంచెం."

"అమ్మ కూడా ఇదే అనేది. పిల్లా, నా నెత్తిమీద వంకర దారి వేశావే, పేలు కూడా తప్పిపోతాయి అనేది" అంది డోరిస్టీన్. నవ్వింది. ఆ నవ్వు సగంలోనే విరిగిపోయింది. ఊరు చేరాక మొదటిసారి ఏడ్చింది, తల్లి జుట్టులోంచి వేళ్ళు తీయకుండానే.

ఓజెల్లా లేచిన చెయ్యిని మళ్ళీ తల కిందికి చేర్చింది. తల కదలకుండా పట్టుకుంది. జడలు ఒకటి లావుగా, ఒకటి సన్నగా వచ్చాయి. మధ్యాహ్నం దాటాక పని అయిపోయింది.

సాయంత్రం వరస వీధి మలుపు దాకా సాగింది. ముందు వచ్చినవాళ్ళు పెట్టె దగ్గర ఆగారు, చూశారు, ఏమీ అనలేదు. చేతిరుమాళ్ళు మడతపెట్టుకున్నారు. ఓజెల్లా గోడ పక్కన తెల్ల కోటు వేసుకుని నిలబడి, ఒక్కొక్క రుమాలూ మడతపడడం చూసింది. సిస్టర్ టర్న్‌బో వంతు వచ్చింది. వంగి చూసింది, ఇంకా వంగింది. నేరుగా ఓజెల్లా దగ్గరికి వచ్చింది.

"జుట్టేదీ?"

"తలమీద ఉన్నది ఆవిడ జుట్టే."

"ఆవిణ్ణి వంటింట్లోంచి లాక్కొచ్చి పడుకోబెట్టినట్టుంది. ఆ పాపిడి చూశావా? గుడ్డివాళ్ళు కూడా అంతకన్నా తిన్నగా తీస్తారు. ఇది నీ చేతి పనేనా?"

డోరిస్టీన్ అప్పుడు వాకిట్లో పాస్టరుతో మాట్లాడుతోంది. కూతురు అల్లిందని ఓజెల్లా ఒక్క మాట అంటే సరిపోయేది. ఆ మాట వరస చివరిదాకా క్షణంలో పాకేది. ఇన్నేళ్ళకు వచ్చి, చనిపోయిన తల్లి పరువు కూడా తీసిందని అనేవాళ్ళు. రేపు చర్చిలో డోరిస్టీన్ ముందు బెంచీ మీద కూర్చుంటే వెనకనుంచి అందరి చూపులూ ఆమె మెడమీదే ఉండేవి.

"నా పనే" అంది ఓజెల్లా.

సిస్టర్ టర్న్‌బో ఆమెను కాసేపు ఎగాదిగా చూసింది. తర్వాత కారు దాకా వెళ్ళి మదర్ క్రెన్‌షా తెల్ల టోపీ తెచ్చి, తల పక్కన దిండు మీద ఆనించింది. పాపిడి సగమే మరుగుపడింది.

మర్నాడు డోరిస్టీన్ ముందు బెంచీ మీద కూర్చుంది. తల్లిని సాగనంపి, విగ్గు పెట్టె వెనక సీట్లో పెట్టుకుని డెట్రాయిట్ వెళ్ళిపోయింది. వెళ్ళేముందు ఓజెల్లా చేతులు పట్టుకుంది. చూడ్డానికి వచ్చినవాళ్ళు ఏమన్నారో ఆమెకు తెలియదు. ఓజెల్లా చెప్పలేదు, క్లీవన్‌కు కూడా.

ఊరు మాత్రం ఊరుకోలేదు. ఓజెల్లాకు చూపు మందగించిందన్నారు. చెయ్యి వణుకుతోందన్నారు. అందుకే డాసెట్ వాళ్ళు పంపేశారట అని కూడా ఎవరో కలిపారు. బైనమ్‌ దగ్గర ఒక కుటుంబం, తల దువ్వే మనిషిని తామే తెచ్చుకుంటామని మొహం మీదే చెప్పింది. బైనమ్ ఆ సంగతి ఓజెల్లా మొహం చూసి చెప్పలేక, వాకిట్లో ఆకులు ఊడుస్తూ చెప్పాడు. ఆదివారాలు చర్చిలో ఆమె పక్కన చోటు ఖాళీగా ఉండిపోయేది. కాపలా నుంచి వచ్చిన క్లీవన్ బూట్లు విప్పడానికి వంగినప్పుడల్లా ఛాతీ మీద చెయ్యి పెట్టుకోవడం ఆమె చూస్తూనే ఉంది.

ఆకురాలే కాలంలో డెరిక్ మళ్ళీ ఫోను చేశాడు. ఈసారి వెంటనే పెట్టెయ్యలేదు.

"సోమవారానికి వేరే మనిషిని పెట్టేస్తారట. మీరు వచ్చెయ్యండి, మిస్ ఓజెల్లా. వెనకవైపు సంగతి నేను చూడనట్టే ఉంటాను. బీమా కూడా మళ్ళీ మొదలవుతుంది."

అంత మంచిగా అడిగితే ఆమెకు కాదనడానికి నోరు రాలేదు. సోమవారం చెబుతానంది. శనివారం డాసెట్ గారి పేరు కుట్టిన పాత కోటు బయటికి తీసి ఇస్త్రీ చేసింది. క్లీవన్ చూశాడు.

ఆదివారం మధ్యాహ్నం ఆమె వాకిట్లోకి ఒక మనిషి వచ్చాడు. ఓథా లైల్. పొడుగ్గా, కాస్త వంగిపోయిన మనిషి. హికరీ వీధి చర్చిలోనే చివరి బెంచీ మీద కూర్చుంటాడు, ఎవరితోనూ ఎక్కువ మాట్లాడడు. భార్య నెట్టీకి పక్షవాతం వచ్చి చాలాకాలమైంది. ఆమె ఆ పొద్దునే పోయిందని చెప్పాడు. ఓజెల్లా లోపలికి రమ్మన్నా రాలేదు. టోపీ చేతిలో పట్టుకుని మెట్టు దగ్గరే నిలబడ్డాడు.

"క్రెన్‌షా గారమ్మాయి వాళ్ళమ్మ తల తనే అల్లుకుంది కదా. మీరు అల్లనిచ్చారు కదా?"

ఓజెల్లా ఒక మెట్టు కిందికి దిగింది. "ఎవరు చెప్పారు మీకు?" అంది.

"ఎవరూ చెప్పలేదమ్మా. ఆ పాపిడి చెప్పింది. మా అమ్మనీ, మా వదిననీ డాసెట్ గారి దగ్గర మీరే దువ్వారు. మీ చేతిని నేనెరుగుదును. మీరు అలా తీయరు. తీసినా, అలా వదిలెయ్యరు. ఎవరో ప్రేమగలవాళ్ళు తీసి ఉంటారు, మీరు పక్కన నిలబడి ఉంటారు అనుకున్నాను."

అతను టోపీ అంచు వేళ్ళతో తిప్పాడు.

"నెట్టీ చెయ్యి పడిపోయినప్పటినుంచి తన తల నేనే దువ్వేవాణ్ణి. మగవాణ్ణి, నాకు రెండు జడలే వచ్చు. అవి కూడా అంత బాగా రావు. వేరేవాళ్ళు దువ్వితే తను ఊరుకునేది కాదు. చివరిసారి కూడా నేను..."

"నడవండి, మిస్టర్ లైల్" అంది ఓజెల్లా. లోపలికి వెళ్ళి సంచీ తెచ్చుకుంది.

బైనమ్ వెనక గదిలో ఆమె నెట్టీ తలను ఎత్తి పట్టుకుంది. ఓథా లైల్ దువ్వాడు. దువ్వుతున్నంతసేపూ భార్యతో మాట్లాడాడు. నొప్పెడితే చెప్పమన్నాడు. పెరట్లో టమాటాలు ఇంకా కాస్తున్నాయని చెప్పాడు. ఓజెల్లా కిటికీ వైపు చూస్తూ, అక్కడ తను లేనట్టే నిలబడింది. రెండు జడలు వచ్చాయి. ఒకటి చెవి మీదికి, ఒకటి చెవి వెనక్కి. ఆమె వాటిని ముట్టుకోలేదు.

సాయంత్రం ఇంటికి వచ్చి క్లీవన్‌కు అంతా చెప్పింది. మదర్ క్రెన్‌షా సంగతితో సహా. అతను విని కుర్చీలో వెనక్కి వాలాడు.

"ఇన్నాళ్ళూ నాకు కూడా చెప్పలేదా?"

"చెబితే నువ్వు ఊరుకుంటావా? ఊరంతా చెబుతావు."

"చెప్పేవాణ్ణే" అన్నాడు క్లీవన్.

"అందుకే."

సోమవారం ఆమె డెరిక్‌కు ఫోను చేసి, రానని చెప్పింది. అతను అర్థమైందన్నాడు. అర్థమైందో లేదో గానీ, రెండేళ్ళ తర్వాత అతని పెద్దమ్మ పోయినప్పుడు ఆవిణ్ణి కంపెనీకి కాకుండా పట్టాలకు అవతలికి తీసుకొచ్చాడు. అతని తల్లి, పిన్ని ఆ గదిలో కూర్చుని, వాదించుకుంటూ, ఏడుస్తూ, అక్క తల దువ్వారు. డెరిక్ లోపలికి రాలేక తలుపు బయటే నిలబడ్డాడు.

అందరూ అలా రాలేదు. ఇప్పటికీ రారు. చనిపోయినవాళ్ళను ముట్టుకోలేనివాళ్ళే ఎక్కువ. వాళ్ళ కోసం ఓజెల్లానే దువ్వుతుంది, ముందూ వెనకా. ఓథా లైల్ సంగతి ఒకరి నోట ఒకరు విని, ముట్టుకోవాలని వచ్చేవాళ్ళు మాత్రం మొదట నెలకొకరు, తర్వాత వారానికొకరు వచ్చారు. మంచం పట్టిన మొగుడి గడ్డం తనే గీసిన భార్యలు, తల్లిని ఏళ్ళపాటు చూసుకున్న కూతుళ్ళు, ఏమీ చూసుకోలేకపోయామని కుమిలిపోయే కొడుకులు. హికరీ వీధి చర్చివాళ్ళు అందరికన్నా ఆలస్యంగా వచ్చారు. సిస్టర్ టర్న్‌బో ఆ పాపిడిని ఇప్పటికీ క్షమించలేదు.

ఓజెల్లాకు ఇప్పుడు అరవై ఆరేళ్ళు. బైనమ్ పక్క స్థలంలోనే ఆమెకు రెండు గదుల సొంత చోటు ఉంది. ఆమె దగ్గర ఇద్దరు ఆడవాళ్ళు పనిచేస్తున్నారు. ఒకామె కోళ్ళ ఫ్యాక్టరీలో, ఇంకొకామె ఆసుపత్రిలో ఉద్యోగాలు మానేసి వచ్చినవాళ్ళు. సోమవారాలు సెలవు.